వెబ్ ఫారాలు: పేజీ మారినా వివరాలు నిలిపే పద్ధతులు

వెబ్‌సైట్‌లో ఫారం ఒక పేజీతో అయిపోకుండా నాలుగైదు పేజీలుగా సాగుతున్నప్పుడు, మొదటి పేజీలో నింపిన వివరాలు చివరి పేజీ దాకా చెక్కుచెదరకుండా ఉండాలి. మధ్యలో వెనక్కి వెళితే రాసినది రాసినట్టే కనిపించాలి. చివర్లో సమర్పించేటప్పుడు మొత్తం ఒకే దరఖాస్తుగా చేరాలి. ఇందుకోసం వెబ్ రంగం మూడు దశాబ్దాలుగా వాడుతున్న పద్ధతులను, వాటి మంచి చెడ్డలను ఈ వ్యాసం పరిచయం చేస్తుంది. రైలు టికెట్టు, ప్రవేశ పరీక్ష దరఖాస్తు, వీసా, బ్యాంకు ఖాతా, ఆన్‌లైన్ కొనుగోలు అన్నీ ఇలా దశలవారీగా నడిచేవే. గంటసేపు కూర్చుని ధ్రువపత్రాలు ముందేసుకుని నింపిన ఫారం ఒక్కసారిగా ఖాళీ అయిపోతే, నష్టపోయేది ఆ వివరాలు రాసిన మనిషే. సైటుకు ఏమీ కాదు. అందుకే దీన్ని ప్రోగ్రామర్ల అంతర్గత వ్యవహారంగా చూడడం సరికాదు. వాడుకరి ఒకసారి రాసిచ్చిన వివరానికి పూచీ సైటుదే.

గుర్తుపెట్టుకోని ప్రొటోకాల్

సమస్యకు మూలం వెబ్ పుట్టుకలోనే ఉంది. టిమ్ బెర్నర్స్-లీ జెనీవా దగ్గరి సెర్న్ ప్రయోగశాలలో వెబ్‌ను రూపొందించింది పరిశోధకులు పత్రాలు పంచుకుని చదువుకోవడానికి. బ్రౌజర్, సర్వర్ మాట్లాడుకునే ప్రొటోకాల్ పేరు హెచ్‌టీటీపీ. 1991 నాటి దాని తొలి రూపంలో బ్రౌజర్ చేయగలిగింది ఒక్కటే: ఫలానా పత్రం కావాలని అడగడం. సర్వర్ ఆ పత్రాన్ని పంపి కనెక్షన్ మూసేసేది. అడిగింది ఎవరు, ఇంతకుముందు ఏం అడిగారు అన్న సంగతి దానికి పట్టదు. 1996 మే నెలలో వెలువడిన హెచ్‌టీటీపీ 1.0 పత్రం కూడా తనను స్థితి లేని ప్రొటోకాల్‌గానే నిర్వచించుకుంది. నేటి రూపాలూ అంతే. ఇందులో మేలు ఉంది: ఎవరినీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు కాబట్టే ఒకే సైటు లక్షలమందికి జవాబివ్వగలుగుతుంది, ఒక యంత్రం ఆగిపోతే ఇంకొకటి ఆ పనిని అందుకోగలుగుతుంది.

చదవడానికి ఏర్పడిన ఈ వ్యవస్థలోకి రాయడం ప్రవేశించాక చిక్కు మొదలైంది. 1993లో డేవ్ రాగెట్, వెబ్ పేజీలు రాసే హెచ్‌టీఎంఎల్ భాషను విస్తరించే హెచ్‌టీఎంఎల్ ప్లస్ ప్రతిపాదనలో ఫారాల గురించి రాశారు; అదే ఏడాది మొజాయిక్ బ్రౌజర్ ఫారాలను చూపించడం మొదలుపెట్టింది. ఫారం ద్వారా వచ్చిన వివరాలను ప్రోగ్రాముకు అందించే సీజీఐ పద్ధతి కూడా ఆ రోజులదే, అమెరికాలోని ఎన్‌సీఎస్‌ఏ సంస్థ సర్వర్ ద్వారా వ్యాపించింది. సీజీఐ ప్రోగ్రాము ప్రతి అభ్యర్థనకూ కొత్తగా మొదలై, జవాబిచ్చి ముగిసిపోతుంది. రెండో పేజీ వివరాలు వచ్చేసరికి మొదటి పేజీ వివరాలు చూసిన ప్రోగ్రాము ఇక లేదు.

దాచిన గడులు

తొలి తరం పరిష్కారం చాలా సూటిగా ఉంటుంది. మొదటి పేజీలో వచ్చిన జవాబులను సర్వర్ తన దగ్గర ఉంచుకోకుండా, రెండో పేజీలో కంటికి కనిపించని గడుల్లో రాసి బ్రౌజర్‌కు తిప్పి పంపేస్తుంది. వాడుకరి రెండో పేజీ నింపి బటన్ నొక్కినప్పుడు కనిపించే గడులతో పాటు కనిపించనివి కూడా సర్వర్‌కు చేరతాయి. ఇలా ప్రతి పేజీ తన ముందు పేజీల భారాన్నంతా మోసుకుంటూ వెళ్తుంది. 1995 నవంబరులో వచ్చిన హెచ్‌టీఎంఎల్ 2.0 ప్రమాణంలో ఈ హిడెన్ ఫీల్డ్ ఉంది, ఇప్పటికీ ఉంది.

ఈ పద్ధతిలో సర్వర్‌కు జ్ఞాపకం అక్కర్లేదు, గడువు తీరడమన్న మాటే లేదు. ఒకే సైటును రెండు ట్యాబుల్లో తెరిచినా దేని వివరాలు దానివే. కానీ మధ్యలో ఒక్క లింకు నొక్కి పక్క పేజీకి వెళ్తే, ఫారం సమర్పించలేదు కాబట్టి, మోసుకొచ్చినదంతా పోతుంది. అంతకంటే పెద్ద ప్రమాదం నమ్మకానికి సంబంధించినది. కంటికి కనిపించదు కానీ, పేజీ మూలం తెరిచి చూడగలిగిన ఎవరైనా ఆ గడిలోని విలువను మార్చి పంపవచ్చు. తొలినాళ్ల ఆన్‌లైన్ దుకాణాలు కొన్ని వస్తువు ధరను ఇలాంటి గడిలోనే పెట్టుకుని, తిరిగొచ్చిన ధరనే నిజమని నమ్మాయి. 2000 నాటికి భద్రతా నిపుణులు ఈ లోపం గురించి బహిరంగంగా హెచ్చరించాల్సి వచ్చింది. వాడుకరి చేతుల మీదుగా తిరిగొచ్చిన ఏ విలువనైనా సర్వర్ మళ్లీ సరిచూసుకోవాలన్న సూత్రం ఈ అనుభవంతోనే గట్టిపడింది. మార్చితే తెలిసిపోయేలా విలువలకు రహస్య తాళంచెవితో సంకేత ముద్ర వేసి పంపడం మరో జాగ్రత్త. 2002లో వచ్చిన మైక్రోసాఫ్ట్ ఏఎస్‌పీ డాట్ నెట్, వ్యూస్టేట్ పేరుతో పేజీ స్థితినంతా ఒకే దాచిన గడిలో కుక్కి పంపే పద్ధతిని విస్తృతంగా వాడింది. పెద్ద ఫారాల్లో ఆ గడి పేజీని బాగా బరువెక్కించేది.

వివరాలను యూఆర్ఎల్ చివర తగిలించి పంపడమూ ఉంది. వెతుకులాట ఫారాలకు అది చాలా మంచిది: బయలుదేరే ఊరు, చేరే ఊరు, తేదీ చిరునామాలోనే ఉంటే ఆ లింకును ఇంకొకరికి పంపవచ్చు. వ్యక్తిగత వివరాలకు మాత్రం పనికిరాదు. యూఆర్ఎల్ బ్రౌజర్ చరిత్రలో మిగులుతుంది, సర్వర్ లాగుల్లో నమోదవుతుంది.

కుకీ

1994లో నెట్‌స్కేప్ సంస్థ ఎంసీఐ అనే టెలికాం కంపెనీ కోసం ఆన్‌లైన్ అమ్మకాల వ్యవస్థ తయారుచేస్తోంది. సగంలో ఉన్న లావాదేవీల వివరాలను తమ సర్వర్లలో ఉంచుకోవడం ఎంసీఐకి ఇష్టం లేదు. వాటిని కొనుగోలుదారు కంప్యూటర్‌లోనే దాచే మార్గం చూడమంది. నెట్‌స్కేప్ ఉద్యోగి లూ మాంటుల్లీ అందుకు రూపొందించినదే కుకీ. సర్వర్ తన జవాబుతో పాటు ఒక చిన్న పాఠ్యాన్ని పంపుతుంది. బ్రౌజర్ దాన్ని దాచుకుని, అదే సైటుకు వెళ్లిన ప్రతిసారీ తిరిగి చూపిస్తుంది. 1994 అక్టోబరులో విడుదలైన నెట్‌స్కేప్ తొలి బీటాలోనే ఇది ఉంది. తర్వాతి కాలంలో ప్రకటనల కంపెనీలు మనుషులను వెంటాడడానికి కుకీలను వాడుకోవడంతో దానికి చెడ్డపేరు వచ్చింది కానీ, అది పుట్టింది సగం నిండిన కొనుగోలు బుట్ట పోకుండా చూడడానికే.

ఫారం వివరాలన్నీ కుకీలోనే పెట్టవచ్చా? కొద్దిగా అయితే పెట్టవచ్చు. 2011 ఏప్రిల్‌లో వచ్చిన కుకీల ప్రమాణం ఆర్‌ఎఫ్‌సీ 6265 ప్రకారం ఒక్కో కుకీకి కనీసం 4096 బైట్ల చోటు, ఒక్కో డొమైన్‌కు కనీసం 50 కుకీలు బ్రౌజర్లు ఇవ్వాలి. ఆచరణలో ఈ కనీసమే ఇంచుమించు గరిష్ఠంగా స్థిరపడింది. పైగా కుకీలోని ప్రతి అక్షరమూ సైటుకు వెళ్లే ప్రతి అభ్యర్థనతోనూ, బొమ్మ కోసం అడిగినా సరే, వెంట వెళ్తుంది. తెలుగులో రాసేవారికి ఈ చోటు మరీ ఇరుకు. యూనికోడ్ అక్షరాలను బైట్లుగా మార్చే యూటీఎఫ్-8లో తెలుగు కోడ్ పాయింటు (యూనికోడ్‌లో సొంత సంఖ్య ఉన్న అక్షరం లేదా గుర్తు) ఒక్కోటి 3 బైట్లు. కుకీలోనో యూఆర్ఎల్‌లోనో పెట్టడానికి శాతం గుర్తులతో సంకేతీకరిస్తే ఒక్కోటి 9 అక్షరాలవుతుంది. ‘తెలుగు’ అన్న మాటలో గుణింతపు గుర్తులతో కలిపి 6 కోడ్ పాయింట్లు ఉన్నాయి కాబట్టి అది 54 అక్షరాలు తీసుకుంటుంది. ఆ లెక్కన ఒక కుకీలో 455 కోడ్ పాయింట్లకు మించి పట్టవు.

సెషన్

ఇప్పటికీ ఎక్కువ సైట్లు ఆధారపడేది సెషన్ మీద. గుడి దగ్గర చెప్పుల స్టాండులో టోకెన్ తీసుకున్నట్టే ఇదీ: వస్తువు వాళ్ల దగ్గర, నంబరు మన దగ్గర. సర్వర్ వాడుకరి వివరాలను తన దగ్గరే ఉంచుకుని, ఊహకందని పొడవైన ఒక గుర్తింపు సంఖ్యను మాత్రం కుకీగా ఇస్తుంది. మైక్రోసాఫ్ట్ ఏఎస్‌పీ, జావా సర్వ్‌లెట్లు 1990ల చివర్లో దీన్ని సిద్ధంగా అందించాయి. 2000 మే నెలలో వచ్చిన పీహెచ్‌పీ 4తో అది చిన్న సైట్లకూ చేరింది. మొదటి పేజీ జవాబులు సెషన్‌లోకి, రెండో పేజీవీ సెషన్‌లోకి, చివర్లో అన్నీ కలిపి డేటాబేస్‌లోకి వెళ్తాయి. ధరలు, అర్హత నిర్ణయాల వంటివి వాడుకరి చేతికి చిక్కవు కాబట్టి మార్చడానికీ వీలుండదు.

సెషన్‌కు గడువు ఉంటుంది. పీహెచ్‌పీలో ముందుగా నిర్ణయించి ఉండే గడువు 1440 సెకన్లు, అంటే 24 నిమిషాలు. ఏఎస్‌పీ డాట్ నెట్‌లో 20 నిమిషాలు. ఇవి ఆ సాధనాల రూపకర్తలు పెట్టిన అంకెలే తప్ప ఫారం నింపే మనిషిని చూసి పెట్టినవి కావు. కుల ధ్రువపత్రం నంబరు కోసం బీరువా వెతికేవారికి, పదో తరగతి హాల్‌టికెట్ నంబరు కోసం ఊరికి ఫోన్ చేసేవారికి ఇరవై నిమిషాలు ఏ మూలకూ చాలవు. బ్యాంకు లావాదేవీకి తక్కువ గడువు ఉండడంలో అర్థముంది. స్కాలర్‌షిప్ దరఖాస్తుకు అదే గడువు పెట్టడంలో లేదు. గడువు తప్పనిసరైనా, లాగిన్ ముగియడం వేరు, రాసిన వివరాలు చెరిగిపోవడం వేరు. మళ్లీ లాగిన్ అయ్యాక ఆగిన చోటి నుంచే కొనసాగించేలా చేయడం సాధ్యమే.

గిరాకీ ఎక్కువున్న సైట్లు పది, వంద సర్వర్ల మీద నడుస్తాయి. మొదటి పేజీ ఒక సర్వర్‌కు, రెండో పేజీ ఇంకో సర్వర్‌కు వెళితే, రెండోదానికి సెషన్ సంగతే తెలియదు. అందుకని ఒక వాడుకరిని ఎప్పుడూ ఒకే సర్వర్‌కు పంపడమో, సెషన్లన్నిటినీ అందరికీ అందే ఒకే చోట ఉంచడమో చేస్తారు. 2009లో వచ్చిన రెడిస్ అనే డేటా నిల్వ సాఫ్ట్‌వేర్ ఇందుకు బాగా వాడుకలో ఉంది. వెబ్ అప్లికేషన్లు తయారుచేసే రూబీ ఆన్ రెయిల్స్ మరో దారి పట్టి, 2007 డిసెంబరులో వెలువడిన 2.0 కూర్పులో, ముద్ర వేసిన సెషన్‌ను కుకీలోనే పెట్టే పద్ధతిని ముందస్తు ఎంపికగా చేసింది.

చాలామంది రూపకర్తలు ఆలోచించని చిక్కు రెండు ట్యాబుల చిక్కు. ఒక తండ్రి ఒకే కంప్యూటర్‌లో ఇద్దరు పిల్లల దరఖాస్తులు పక్కపక్క ట్యాబుల్లో నింపుతున్నాడనుకుందాం. బ్రౌజర్‌కు కుకీ ఒక్కటే, కాబట్టి సెషన్ కూడా ఒక్కటే. రెండో ట్యాబులో చిన్నవాడి పేరు రాసి పంపగానే సెషన్‌లో పెద్దవాడి పేరు చెరిగిపోతుంది. మొదటి ట్యాబులో ఫీజు కట్టేసరికి అన్న హాల్‌టికెట్ నంబరు, తమ్ముడి పుట్టినతేదీ కలిసి ఒకే దరఖాస్తుగా వెళ్తాయి. ఏ తప్పూ చూపించకుండా వెళ్తాయి, అది మరీ ప్రమాదం. దీనికి మందు ఉంది: ప్రతి దరఖాస్తుకూ మొదట్లోనే వేరే సంఖ్య ఇచ్చి, ఆ సంఖ్యను యూఆర్ఎల్‌లో ఉంచి, సెషన్‌లో వివరాలను ఆ సంఖ్య కింద దాచాలి. ఆ సంఖ్య ఈ సెషన్‌కు చెందినదేనా అని ప్రతిసారీ సరిచూడాలి; లేకపోతే సంఖ్య మార్చి పక్కవాళ్ల దరఖాస్తు చూసే వీలు కలుగుతుంది.

బ్రౌజర్‌లోని నిల్వ

2009 ప్రాంతంలో ప్రధాన బ్రౌజర్లన్నీ వెబ్ స్టోరేజ్‌ను అందుకున్నాయి. 2013 జులైలో వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ దాన్ని ప్రమాణంగా ఆమోదించింది. ఇందులో లోకల్ స్టోరేజ్ బ్రౌజర్ మూసినా నిలుస్తుంది. సెషన్ స్టోరేజ్ ట్యాబు తెరిచి ఉన్నంతవరకే, ఏ ట్యాబుది దానికే. ఒక్కో సైటుకు సుమారు 5 మెగాబైట్ల చోటు ఉంటుంది, ప్రతి అభ్యర్థనతో సర్వర్‌కు వెళ్లదు. అక్షరం టైపు చేసినప్పుడల్లా చిత్తుప్రతిని ఇక్కడ దాచవచ్చు; కరెంటు పోయినా, నెట్ పోయినా, చేయి తగిలి పేజీ రిఫ్రెష్ అయినా లోకల్ స్టోరేజ్‌లో పెట్టిన చిత్తుప్రతి దొరుకుతుంది. ఒకే పేజీలో అన్ని దశలనూ నడిపే ఆధునిక జావాస్క్రిప్ట్ అప్లికేషన్లకు ఇది మరింత అవసరం: వాటి వివరాలు బ్రౌజర్ జ్ఞాపకంలో ఉంటాయి, రిఫ్రెష్ చేస్తే పోతాయి. శాశ్వత నిల్వగా మాత్రం దీన్ని నమ్మకూడదు. ఆపిల్ సఫారీ 2020 నుంచి, వాడుకరి సైటును ముట్టకుండా బ్రౌజర్ వాడిన రోజులు ఏడు గడిస్తే స్క్రిప్టులు రాసిన నిల్వను తుడిచేస్తోంది.

మన ప్రాంతంలో దీనికి వేరే కోణం ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో దరఖాస్తులు నింపే చోటు చాలామందికి సొంత కంప్యూటర్ కాదు. నెట్ సెంటర్, మీసేవ కేంద్రం, కాలేజీ ల్యాబ్. అక్కడ లోకల్ స్టోరేజ్‌లో మిగిలిన ఆధార్ నంబరు, తల్లిదండ్రుల ఆదాయం, ఫోన్ నంబరు తర్వాత అదే కుర్చీలో కూర్చునేవారి ముందు ప్రత్యక్షమవుతాయి. కాబట్టి సున్నితమైన వివరాలు ఉన్న ఫారాలకు సెషన్ స్టోరేజో, సర్వర్‌లో నిల్వో సరైనది.

చిత్తుప్రతిగా డేటాబేస్‌లో

పొడవైన ఫారాలకు అన్నిటికంటే నమ్మదగిన పద్ధతి ప్రతి దశనూ పూర్తికాని దరఖాస్తుగా డేటాబేస్‌లో రాసిపెట్టి, వాడుకరికి ఒక సంఖ్య ఇవ్వడం. తెలుగు కుటుంబాలకు బాగా పరిచయమైన ఉదాహరణ అమెరికా వీసా కోసం నింపే డీఎస్-160. మొదట్లోనే అప్లికేషన్ ఐడీ ఇస్తుంది, ఒక భద్రతా ప్రశ్నకు జవాబు రాయించుకుంటుంది. దాదాపు 20 నిమిషాలు కదలిక లేకపోతే సెషన్ ముగుస్తుంది కానీ, భద్రపరిచిన దరఖాస్తు 30 రోజుల పాటు ఐడీతో తిరిగి తెరవడానికి ఉంటుంది. అంతకుమించి కావాలంటే దరఖాస్తును ఫైలుగా సొంత కంప్యూటర్‌లోకి దించుకుని తర్వాత ఎక్కించవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఈఏపీసెట్‌లలో మరో దారి కనిపిస్తుంది: ముందు ఫీజు కట్టించుకుని, ఆ చెల్లింపు వివరాలే తాళంచెవిగా తర్వాత దరఖాస్తు తెరిపిస్తారు. ఫారం నింపాక చెల్లింపు దగ్గర బ్యాంకు పేజీకి వెళ్లి తిరిగిరాలేక వివరాలు పోయే బాధ అందులో తప్పుతుంది.

ఫొటో, సంతకం ఫైళ్ల సంగతి ప్రత్యేకం. భద్రత కోసం బ్రౌజర్లు ఫైలు గడిలో సైటు తనంతట తాను విలువ పెట్టడాన్ని అనుమతించవు. అంటే పిన్‌కోడ్ తప్పుపడి పేజీ మళ్లీ వస్తే పేరు, చిరునామా తిరిగి చూపించవచ్చు కానీ ఎంచుకున్న ఫొటోను చూపించలేరు. ఫైలు ఎంచుకోగానే విడిగా ఎక్కించుకుని, ‘ఫొటో అందింది’ అని చూపిస్తూ ముందుకు సాగడమే దీనికి మార్గం. పాస్‌వర్డును మాత్రం ఎన్నడూ తిరిగి నింపి పంపరు. కార్డు వెనక ఉండే సీవీవీ సంఖ్యను లావాదేవీ ఆమోదం పొందాక దాచడాన్ని, కార్డు చెల్లింపుల భద్రతకు సంబంధించిన పీసీఐ ప్రమాణం నిషేధిస్తుంది. 2022 అక్టోబరు నుంచి భారతదేశంలో దుకాణాలు కార్డు నంబరునే దాచుకోరాదని రిజర్వు బ్యాంకు నియమం.

వెనక్కి వెళ్లడం, జవాబు మార్చడం

‘బ్యాక్ బటన్ నొక్కవద్దు, రిఫ్రెష్ చేయవద్దు’ అన్న హెచ్చరిక ఎన్నో సైట్లలో ఎర్రటి అక్షరాల్లో కనిపిస్తుంది. ఇది వాడుకరికి చెప్పవలసిన మాట కాదు, ప్రోగ్రామర్ సరిచేయవలసిన లోపం. ఫారం సమర్పించగానే సర్వర్ నేరుగా పేజీ చూపిస్తే, రిఫ్రెష్ నొక్కినప్పుడు అదే సమర్పణ మళ్లీ జరుగుతుంది, డబ్బు రెండుసార్లు కట్ అయ్యే ప్రమాదం ఉంటుంది. అలా కాకుండా వివరాలు దాచుకుని, బ్రౌజర్‌ను కొత్త చిరునామాకు మళ్లిస్తే ఈ బెడద పోతుంది. హెచ్‌టీటీపీ 1.1లోని 303 సంకేతం ఈ పనికోసమే ఉంది. ప్రతి దశకూ సొంత చిరునామా ఉండి, అక్కడికి ఎప్పుడు వెళ్లినా దాచిన వివరాలతో తెరుచుకుంటే వెనక్కి, ముందుకి తిరగడం సహజంగా ఉంటుంది.

వెనక్కి వెళ్లినవారు ఊరికే చూసి రారు, జవాబు మారుస్తారు. ఇంజినీరింగ్ అని ఎంచుకుని ఎంపీసీ మార్కులు నింపిన అమ్మాయి, మనసు మార్చుకుని అగ్రికల్చర్, ఫార్మసీ ఎంచుకుంటే, ముందు నింపిన గణితం మార్కులను ఏం చేయాలి? వెంటనే చెరిపేస్తే, పొరపాటున నొక్కి మళ్లీ సరిచేసుకున్నప్పుడు అన్నీ తిరిగి రాయాలి. అలాగే ఉంచి పంపితే దరఖాస్తులో పొంతన లేని వివరాలు చేరతాయి. విలువను పక్కన ఉంచి, చివరి సమర్పణలో మాత్రం వదిలేయడం మంచి పద్ధతి. ఈ కారణంగానే ఏ పేజీకి ఆ పేజీ సరిచూసి సరిపెట్టుకోకుండా, చివర్లో మొత్తం దరఖాస్తును ఇంకోసారి సర్వర్‌లో సరిచూడాలి. బ్రిటన్ ప్రభుత్వ సైట్ల రూపకల్పన మార్గదర్శకాలు ఒక్కో పేజీలో ఒక్క విషయమే అడగమంటాయి. పంపే ముందు జవాబులన్నీ ఒకేచోట చూపి, దేని పక్కన దానికి మార్చుకునే లింకు ఇవ్వమంటాయి.

తెలుగులో నింపినప్పుడు

ఇంగ్లిషు ఫారంలో బయటపడని లోపాలు తెలుగులో రాయగానే బయటపడతాయి. పేజీ యూటీఎఫ్-8 అని ప్రకటించకపోతే, బ్రౌజర్ తెలుగు అక్షరాలను సంఖ్యా సంకేతాలుగా మార్చి పంపుతుంది. ‘త’ స్థానంలో 3108 అన్న అంకె చుట్టూ గుర్తులు కనిపిస్తాయి. డేటాబేస్ పట్టిక పాత లాటిన్ సంకేతంలో ఉంటే అన్నీ ప్రశ్నార్థకాలవుతాయి, ఇక వాటిని తిరిగి తెలుగుగా మార్చే దారి ఉండదు. నిడివి లెక్క కూడా ఇలాంటిదే. ‘శ్రీ’ చూపుకు ఒక అక్షరం. యూనికోడ్‌లో 4 కోడ్ పాయింట్లు. యూటీఎఫ్-8లో 12 బైట్లు. గడి 50 అక్షరాలు ఒప్పుకుని, డేటాబేస్ 50 బైట్లే ఒప్పుకుంటే, పేరు సగంలో తెగిపోతుంది లేదా చివరి పేజీలో అర్థంకాని దోషం వస్తుంది. డీఎస్-160లో సొంత లిపిలో పూర్తి పేరు రాసే గడి ఉన్నట్టే, మన సేవల్లోనూ తెలుగు గడులు పెరుగుతున్నాయి కాబట్టి ప్రతి దశలోనూ తెలుగు పేరుతో పరీక్షించి చూడడం తప్పనిసరి.

ప్రమాణాలు, చట్టం

వైకల్యం ఉన్నవారికి వెబ్ అందుబాటులో ఉండడంపై డబ్ల్యూ3సీ ఇచ్చే మార్గదర్శకాలు ఈ విషయాన్ని సూటిగా పట్టించుకున్నాయి. 2018 జూన్ నాటి 2.1 కూర్పు, కదలిక లేనందువల్ల వివరాలు పోయేట్టయితే ఎంతసేపటికి పోతాయో ముందే చెప్పమంది. 20 గంటలకు మించి నిలిపితే చెప్పనక్కర్లేదంది. ఇది అత్యున్నత స్థాయి నియమం, అందరూ పాటించరు. 2023 అక్టోబరు 5న వచ్చిన 2.2 కూర్పు మాత్రం కనీస స్థాయిలోనే కొత్త నియమం పెట్టింది: ఒకే ప్రక్రియలో ఒకసారి ఇచ్చిన వివరాన్ని మళ్లీ అడగవలసి వస్తే దాన్ని నింపి చూపాలి, లేదా ఎంచుకునే వీలివ్వాలి. భద్రత కోసం అడిగేవి, కాలదోషం పట్టినవి దీనికి మినహాయింపు. చేయి వణికేవారికి, చదవడంలో ఇబ్బంది ఉన్నవారికి, జ్ఞాపకం తగ్గిన వృద్ధులకు ఒక్కో గడీ శ్రమే. శాశ్వత చిరునామా, ప్రస్తుత చిరునామా ఒకటేనా అని అడిగే చిన్న గడి ఈ నియమానికి పాత ఉదాహరణ.

నిలపడానికి ఎంత శ్రద్ధ కావాలో తుడవడానికీ అంతే కావాలి. భారత డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం, 2023 ప్రకారం, సేకరించిన ఉద్దేశం తీరిపోయాక, వేరే చట్టం ఉంచమంటే తప్ప, వ్యక్తిగత సమాచారాన్ని చెరిపివేయాలి. సగంలో వదిలేసిన దరఖాస్తుల విషయంలోనూ ఇదే పాటించడం మంచిది. ఎన్ని రోజుల తర్వాత చిత్తుప్రతి పోతుందో మొదటి పేజీలోనే రాసి, గడువుకు ముందు సందేశం పంపి, ఆ తర్వాత నిజంగానే చెరపాలి. సమర్పణ పూర్తయిన వెంటనే సెషన్‌లోని వివరాలు, బ్రౌజర్‌లోని చిత్తుప్రతి తీసేసి, వాడుకరికి రసీదు సంఖ్యతో పాటు తాను పంపిన వివరాల ప్రతిని దించుకునే వీలు ఇవ్వాలి.